పాటల రచయిత తన తొలి నవలను పాఠకుల దగ్గరికి ఎలా తీసుకువెళ్లాలి?

పన్నెండేళ్లుగా పాటలు రాస్తున్నానని, వాటిలో కొన్నింటికి స్వయంగా బాణీ కట్టి పాడతానని, తొలి నవల మరో పది వారాల్లో వెలువడబోతోందని మీరు రాశారు. సభలకు పిలిచేవాళ్లందరూ మొదటి మాటగానే "పాడతారు కదా?" అని అడుగుతున్నారని, పాడితే నవల మరుగున పడుతుందేమోనని, పాడకపోతే సభకు ఎవరూ రారేమోనని మీరు పడుతున్న సంకోచం నాకు బాగా తెలిసినదే. ఈ ప్రచారమంతా ముగిసేసరికి రాసే అలవాటు మిగులుతుందా అని కూడా అడిగారు. నేనూ పాటలతో మొదలుపెట్టి, ముప్పై ఎనిమిదో ఏట తొలి నవల ప్రచురించి, దాని వెంట పద్నాలుగు నెలల పాటు నలభైకి పైగా సభలకు తిరిగాను. ఆ తర్వాత మరో రెండు నవలలు వచ్చాయి. ఆ తిరుగుడులో నాకు తేలిన విషయాలను, తప్పు చేసి నేర్చుకున్నవాటితో సహా, మీకు చెబుతాను.

నా మొదటి సభలో నవలలోంచి పదిహేను నిమిషాలు చదివి, ఆ వెంటనే అందులోని ప్రధాన పాత్ర కోసం రాసిన పాటను పాడాను. హాలులో అరవై మంది దాకా ఉన్నారు. పాట అయ్యాక చప్పట్లు చాలాసేపు మోగాయి, నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి మాట్లాడిన పదిమందిలో తొమ్మిదిమంది ఆ పాట రికార్డింగు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. బల్ల మీద పేర్చిన ముప్పై ప్రతుల్లో నాలుగే కదిలాయి. జనానికి పుస్తకాల మీద ఆసక్తి లేదని ఆ రాత్రి సరిపెట్టుకున్నాను గానీ, మరో మూడు సభల్లోనూ అదే జరిగాక లోపం వాళ్లలో లేదని, నేను ఎంచుకున్న వరసలో ఉందని అర్థమైంది.

పాట వినేవాళ్ల ఎదుటే పూర్తవుతుంది. పల్లవితో మొదలై, చరణాల మీదుగా సాగి, మళ్లీ పల్లవికి చేరినప్పుడు వినేవారి మనసులో ఏదో తీరినట్టుంటుంది, ఆ తృప్తితో లేచి వెళ్లిపోవచ్చు. నవల అలా పూర్తి కాదు. అది పాఠకుడు ఒంటరిగా కూర్చున్నప్పుడు, మనం దరిదాపుల్లో లేనప్పుడు, ఎన్నో గంటలపాటు సాగి, ఆ మనిషిలోనే ముగుస్తుంది. ఆ మొదటి సభలో నేను చదివిన భాగం వినేవాళ్లలో ఒక ప్రశ్న రేపింది, ఆ ప్రశ్నను నా పాట అక్కడికక్కడే తీర్చేసింది. ఇక పుస్తకం కొనడానికి వాళ్లకు కారణం మిగల్లేదు. సభలో నవలా రచయిత పని పుస్తకాన్ని వినేవాళ్లలో మొదలుపెట్టి వదలడమేనని, దాన్ని అక్కడే ముగించడం కాదని నాకు తెలిసింది అప్పుడే. మీరు అడిగిన వాటిలో చాలావరకు నా సమాధానాలు ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

కాబట్టి తప్పకుండా పాడండి, కానీ చివర పాడకండి. సభ మొదట్లో ఒక పాటను, వీలైతే నవలతో సంబంధం లేని పాత పాటను, నిండుగా పాడండి. పాట కోసం వచ్చినవాళ్లు తమకు అందవలసింది అందిందని కుదుటపడతారు, మీ గొంతు వాళ్ల చెవులకు అలవాటవుతుంది, మీ చేతుల్లో వణుకు తగ్గుతుంది. తర్వాత నవల గురించి రెండు మూడు నిమిషాలకు మించకుండా మాట్లాడి, చదవడంలోకి వెళ్లండి. చదవడమే చివరిది కావాలి, ఆ తర్వాత ప్రశ్నలు. మధ్యలో మరో పాట తప్పదనుకుంటే, పల్లవి లేకుండా ఒక చరణం మాత్రమే పాడి ఆపి, ఆ నిశ్శబ్దంలోనే చదవడం మొదలుపెట్టండి. చరణం విన్న చెవి పల్లవి కోసం ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపును మీ వచనం అందుకుంటుంది. ఈ పద్ధతిని నేను తొమ్మిదో సభ నుంచి పాటించాను, మూడో నవల దాకా మార్చలేదు.

దీన్ని సభ నిర్వహించేవాళ్లకు ముందుగానే రాతపూర్వకంగా చెప్పండి. ఎన్ని పాటలు, ఏ వరసలో, ఎంతసేపు చదువుతారు, మాటకు ఒకటి వాద్యానికి ఒకటి చొప్పున ఎన్ని మైకులు కావాలి, మిమ్మల్ని ఎలా పరిచయం చేయాలి అన్నవన్నీ ఒక్క కాగితంలో ఇమడాలి. ఒకచోట నిర్వాహకులు గోడపత్రిక మీద నా పేరు కింద పెద్ద అక్షరాల్లో "పాటల సాయంత్రం" అని వేసి, నవల పేరు అడుగున ఎక్కడో చిన్నగా వేశారు. వచ్చినవాళ్లు పాటల కోసం వచ్చారు, నేను చదువుతుంటే ఓపికగా కూర్చున్నారు, అంతకు మించి వాళ్ల నుంచి ఆశించే హక్కు నాకు లేదు. అప్పటి నుంచి "నవలా రచయిత" అన్న మాట ముందుగా వచ్చేలా రెండు వాక్యాల పరిచయాన్ని నేనే రాసి పంపుతున్నాను. పరిచయం చేసేవాళ్లు దాన్ని దాదాపు ఎప్పుడూ యథాతథంగా చదువుతారు.

ఇక చదవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాటలు రాసేవాళ్లం ఇక్కడే తప్పు చేస్తాం. మనకు వేదిక అలవాటు గనుక చదవడం కూడా వచ్చేసిందనుకుంటాం. నిజానికి మన గొంతు వచనాన్ని తెలియకుండానే లయలోకి లాగుతుంది, వాక్యం చివరి అక్షరాన్ని సాగదీస్తుంది, ప్రతి పేరా చివర ఒక ముగింపు స్వరం వేస్తుంది. రెండు నిమిషాలు వినడానికి బాగానే ఉంటుంది గానీ, మూడో నిమిషం నుంచి వినేవాళ్లు స్వరం వింటారు, అర్థం జారిపోతుంది. నా రికార్డింగు నేనే విన్నప్పుడు ఈ సంగతి బయటపడింది. ఎదురుగా ఒక్క మనిషిని కూర్చోబెట్టుకుని, నిన్న జరిగిన విషయం చెబుతున్నట్టుగా చదవడం సాధన చేయండి. క్రియ దగ్గర గొంతు దించి, విషయం దగ్గర నిలపండి.

చదవడానికి ఒక ప్రతిని ప్రత్యేకంగా కేటాయించుకుని, దాన్ని నిస్సంకోచంగా గీసిపారేయండి. అచ్చులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా చదవాలన్న నియమం ఏదీ లేదు. చార్లెస్ డికెన్స్ 1858లో రుసుము తీసుకుని తన రచనలు చదివే సభలు మొదలుపెట్టినప్పుడు, వాటి కోసం కథలను కుదించి వేరే ప్రతులు తయారు చేసుకున్నాడు, మార్జిన్లలో గొంతుకూ హావభావాలకూ సూచనలు రాసుకున్నాడు. అంతటి రచయిత తన వాక్యాలను తానే కొట్టేసుకున్నప్పుడు మనం వెనుకాడనక్కర్లేదు.

నా ప్రతిలో నలభై మూడో పేజీ ఎలా ఉంటుందో చెబుతాను. హార్మోనియం బాగుచేసే ఒక స్త్రీ, పాతికేళ్లుగా మూసి ఉన్న పెట్టె తెరిచి, ఒక్కో రీడును లేపి చూసే ఘట్టం అది. అచ్చులో ఒక వాక్యం ఏడు వరసలు ఉంది: మూత తీసి, దుమ్ము ఊది, మరలు విప్పి, రీడు లేపి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కింద ఇరుక్కున్న కాగితం ముక్కను చూసి, దాన్ని ముట్టుకోకుండా ఆగిపోయింది అని. కంటితో చదివేటప్పుడు ఈ అసమాపక క్రియల వరస ఆమె చేతుల కదలికతో కలిసి నడుస్తుంది. పైకి చదివితే ఐదో క్రియ దగ్గరికే ఊపిరి అయిపోతుంది. అందుకని "మరలు విప్పి" అన్నదాన్ని "మరలు విప్పింది" అని మార్చి, అక్కడ పెన్సిలుతో నిలువు గీత గీసి వాక్యాన్ని విరిచాను. పక్క పేజీలో సంభాషణల వెనక ఉన్న "అన్నాడు", "అంది" అన్నవాటిలో సగం కొట్టేశాను, ఎందుకంటే ఎవరు మాట్లాడుతున్నారో గొంతు చెప్పేస్తుంది. అప్పటికి ఇంకా పరిచయం కాని రెండు పాత్రల పేర్లు తీసేసి "అన్న", "పొరుగింటామె" అని రాసుకున్నాను. "భ", "ఫ", "ప" అక్షరాలు మైకులో గాలిదెబ్బలా పేలుతాయి కాబట్టి, అవి వరసగా వచ్చే చోట మైకుకు ముఖం కాస్త పక్కకు తిప్పాలని గుర్తు పెట్టుకున్నాను. కాగితం ముక్క మీద ఏముందో నలభై నాలుగో పేజీలో తెలుస్తుంది. నేను నలభై మూడు చివరనే ఆపుతాను.

ఆ ఆపడానికి ధైర్యం కావాలి. ఒక గ్రంథాలయంలో ఏడుగురే వచ్చిన సాయంత్రం ఒకటి ఉంది. మైకు పక్కన పెట్టి, కుర్చీలు గుండ్రంగా వేసుకుని చదివాను. ఆపగానే ఒకాయన ఆ కాగితం మీద ఏముందని అడిగాడు. వచ్చినవాళ్లే కొద్దిమంది కదా, చెబితే ఏం పోయిందనుకుని నోరు తెరిచేలోగా, మూలన కూర్చున్న ఒక పెద్దావిడ "చెప్పకండి, నేను చదువుకుంటాను" అంది. ఆ సాయంత్రం ఏడుగురిలో ఐదుగురు పుస్తకం తీసుకున్నారు. మీకూ ఇలాంటి ఖాళీ హాళ్లు ఎదురవుతాయి. వచ్చిన ఏడుగురి ముందు రాని వాళ్ల గురించి ఒక్క మాట కూడా అనకండి, సమయం కుదించకండి, అరవై మందికి ఎంత శ్రద్ధగా చదువుతారో అంతే శ్రద్ధగా చదవండి.

ఇప్పుడు వెంటనే చూసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మీ నవలలో పాటల పంక్తులు ఉన్నాయా? ఇతరుల పాటలోంచి రెండు పంక్తులు వాడినా, అది ఇంకా హక్కుల రక్షణలో ఉన్న పాటైతే, దాని హక్కుదారుల అనుమతి తీసుకోవడమే క్షేమం. వచనంలో ఒక వాక్యం ఉటంకించడానికీ పాటలో ఒక పంక్తి ఉటంకించడానికీ తేడా ఉంది. పాట మొత్తమే ఇరవై పంక్తులైనప్పుడు రెండు పంక్తులంటే పదోవంతు. రచయితల హక్కుల గురించి దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రచన పుట్టగానే, ఏ నమోదూ లేకుండానే, హక్కు ఏర్పడుతుంది. ఆ ఒప్పందం ప్రకారం సాధారణంగా అది రచయిత మరణించాక కనీసం యాభై ఏళ్లు ఉంటుంది, చాలా దేశాల్లో అంతకంటే ఎక్కువే. పాట పేరును ప్రస్తావించడానికి మాత్రం సాధారణంగా అనుమతి అక్కర్లేదు. కాబట్టి పాత్ర ఫలానా పాట వింటోందని రాసి, ఆ పాట ఆమెను ఏం చేసిందో చెబితే చాలు. చాలాసార్లు అదే మంచి రచన కూడా.

మీ సొంత పాటలైనా సరే, ఒకసారి ఆగి ఆలోచించండి. మీరు మాటలు రాసి, వేరొకరు బాణీ కట్టి, మరొకరు రికార్డు చేయించి ఉంటే, ఆ పాటలో హక్కులు ఒకచోట లేవు. సాహిత్యానికీ స్వరానికీ ఉన్న హక్కు వేరు, ఆ శబ్దముద్రణకు ఉన్న హక్కు వేరు. గతంలో ఏదైనా సంగీత సంస్థకు మీ సాహిత్యం మీది హక్కు రాసిచ్చి ఉంటే, మీ మాటలను మీ నవలలో అచ్చు వేసుకోవడానికి కూడా వాళ్ల అనుమతి కావలసి రావచ్చు. నాకు ఇది చివరి ప్రూఫుల దశలో, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే దశలో తెలిసి, పాత పాట తీసేసి, ఆ చోటికి రాత్రికి రాత్రి కొత్త చరణం రాయవలసి వచ్చింది. మీ పాత ఒప్పందాలను ఈ వారమే తీసి చదవండి, సందేహం ఉంటే న్యాయవాదికి చూపించండి.

నవల పేరుతోనే ఒక పాట విడుదల చేద్దామనుకుంటున్నానని రాశారు. నా సలహా, పాటకు వేరే పేరు పెట్టండి. నేను రెండింటికీ ఒకే పేరు పెట్టాను. ఆ పేరు వెతికిన ప్రతి మనిషికీ ముందుగా పాటే కనిపించేది, మూడు నిమిషాలు విని, ఆ పేరుతో తమకున్న పని అయిపోయిందనుకునేవారు. అలాగే నవల వచ్చే రోజునే పాట విడుదల చేయకండి. మూడు వారాల ముందు వదిలితే, పాట గురించిన మాటలు సద్దుమణిగే వేళకు నవల వస్తుంది. పాట కింద రాసే వివరంలో నవల పేరు, ప్రచురణకర్త పేరు, ఐఎస్‌బీఎన్ ఉండాలి. 2007 నుంచి ఐఎస్‌బీఎన్ 13 అంకెలది, అచ్చు పుస్తకానికీ ఈ-పుస్తకానికీ వేర్వేరుగా ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గ్రంథాలయాలూ పుస్తక విక్రేతలూ పుస్తకాన్ని తెప్పించేది ఈ అంకెతోనే, అదే పేరుతో నాలుగు పుస్తకాలు ఉన్నప్పుడు మీదాన్ని పట్టిచ్చేదీ ఇదే.

పది వారాలంటే సమీక్షల విషయంలో ఆలస్యమైందనే చెప్పాలి. మాసపత్రికలు మూడు నాలుగు నెలల ముందే ప్రతి అందాలనుకుంటాయి. అయినా దినపత్రికలకు, రేడియోకు, పుస్తకాల మీద మాట్లాడేవాళ్లకు ఇంకా సమయం ఉంది. ప్రచురణకర్తను అడిగి ప్రూఫు ప్రతులను ఈ వారమే పంపించండి. వంద మందికి ఒకే ఉత్తరం పంపడం కంటే, ఇరవై మందికి, ఈ నవల వాళ్లకే ఎందుకు పంపుతున్నారో ఒక్క వాక్యంలో రాసి పంపడం మేలు. సంగీతం మీద రాసేవాళ్లను కూడా ఆ ఇరవైలో చేర్చండి, అయితే వాళ్లు పాట మీద కాకుండా పుస్తకం మీద రాస్తే బాగుంటుందని మర్యాదగా చెప్పండి.

సమీక్షల్లో మీకు తప్పకుండా ఎదురయ్యే మాట "కవితాత్మకం". పాటల రచయిత నవలను చాలామంది ఈ ఒక్క మాటతో ముగిస్తారు. కొందరు మెచ్చుకోలుగా, కొందరు కథ నడవలేదని చెప్పడానికి మర్యాద దారిగా వాడతారు. రెండో అర్థంలో వాడినవాళ్ల మాటను నేను జాగ్రత్తగా విన్నాను, ఎందుకంటే అందులో నిజం ఉంది. పాటలో మనం మనసు స్థితిని చెప్పి వదిలేస్తాం, ఆ స్థితి ఎలా వచ్చిందో చెప్పే బాధ్యత మనకు లేదు, నవలలో ఉంది. నా రెండో నవల మొదటిదానికంటే గట్టిగా నిలబడిందంటే, ఆ సమీక్షల్లో ముగ్గురు చెప్పిన ఈ మాటే కారణం. అయితే ఏ సమీక్షకూ బహిరంగంగా జవాబు రాయకండి, మెచ్చుకున్నవాటికి సైతం.

ఇంటర్వ్యూల్లో రెండు ప్రశ్నలు ప్రతిచోటా వస్తాయి. ఇది మీ కథేనా అన్నది మొదటిది. దీనికి ఔననీ కాదనీ కాకుండా, నవలలో ఒక వస్తువును ఎంచుకుని అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి. ఆ హార్మోనియం పెట్టె నేను చూసినదే, దాన్ని బాగుచేసే మనిషి నేను చూసినది కాదు అని నేను చెప్పే జవాబు లాంటిది మీకూ దొరుకుతుంది. పాట, నవల రెండింటిలో ఏది ఎక్కువ ఇష్టమన్నది రెండోది. ఈ ప్రశ్న వెనక, పాటల మనిషికి నవలతో పనేమిటన్న అనుమానం ఒక్కోసారి ఉంటుంది. ఆ అనుమానానికి మీరు లొంగనక్కర్లేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ రెండు వేలకు పైగా పాటలతో పాటు నవలలూ రాశాడు. కెనడా గాయకుడు, పాటల రచయిత లెనార్డ్ కోహెన్ తొలి నవల 1963లో వచ్చింది, పాటల తొలి ఆల్బం 1967 చివరలో. కజువో ఇషిగురో యువకుడిగా పాటలు రాస్తూ ఆ దారిలోనే నిలదొక్కుకోవాలనుకుని, తర్వాత నవలల్లోకి వచ్చాడు. పేరున్న నవలా రచయిత అయ్యాక మళ్లీ గాయని స్టేసీ కెంట్ కోసం పాటలు రాశాడు. అయితే ఈ పేర్లు మీ ధైర్యం కోసం చెబుతున్నాను. ఇంటర్వ్యూలో వాటిని వల్లించకండి, మీ పుస్తకం గురించే మాట్లాడండి.

గొంతు విషయం మీకు నేను చెప్పనక్కర్లేదనుకుంటారేమో, కానీ పాడేవాళ్లకు తెలియని ఒక అలసట ఇక్కడ ఉంది. పాడటానికి ముందు గొంతు సవరించుకుంటాం, చదవడానికీ మాట్లాడటానికీ ఆ శ్రద్ధ పెట్టం. సభ అయ్యాక రణగొణ ధ్వనిలో గంటసేపు నిలబడి మాట్లాడటమే గొంతును అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీస్తుంది. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే వివరించాడు. సంతకాల బల్లను స్పీకర్లకు దూరంగా వేయించుకోండి, ఎదుటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. వరసగా నాలుగు రోజులు సభలుంటే ఐదో రోజు మౌనంగా ఉండండి. సంతకం చేసే ముందు పేరు ఎలా రాయాలో చిన్న కాగితం మీద వాళ్లతోనే రాయించుకోండి. తప్పు పేరుతో సంతకం చేసిన ప్రతిని పట్టుకుని నవ్వుతూ వెళ్లిపోయిన ఒక అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. అడ్వాన్సు అంటే రాబోయే రాయల్టీలోంచి ముందుగా ఇచ్చిన సొమ్ము, అది తీరేదాకా అమ్మిన ప్రతుల మీద కొత్తగా ఏమీ రాదు. అమ్ముడుపోని ప్రతులు తిరిగి వచ్చే పద్ధతి ఉన్నచోట, తొలి లెక్కల్లో కొంత సొమ్మును ప్రచురణకర్త ఆపి ఉంచవచ్చు. ప్రయాణ ఖర్చులు ఎవరివో ప్రతి సభకూ ముందే తేల్చుకోండి. పాడినందుకు విడిగా పారితోషికం అడగడంలో తప్పు లేదు. అది పుస్తక ప్రచారమని, ఉచితంగా పాడాలని కొందరు వాదిస్తారు గానీ, పాట మీ వృత్తి. పాటల రచయితల తరఫున రాయల్టీలు వసూలు చేసే హక్కుల సంఘంలో మీరు సభ్యులై ఉండి, అది ప్రత్యక్ష ప్రదర్శనల వివరాలు తీసుకునేదైతే, ఈ సభల్లో పాడిన పాటల జాబితా కూడా పంపుతూ ఉండండి.

ఇక రాయడం మిగులుతుందా అన్న మీ ప్రశ్న. ప్రచార కాలంలో పాటలు రాయగలుగుతారు, నవల రాయలేరు. పాటకు ఒక ప్రయాణం, ఒక ఎదురుచూపు, ఒక నిద్రపట్టని రాత్రి చాలు. నవలకు నిన్నటి పేజీ ఇవాళ్టికి తలలో వెచ్చగా ఉండాలి, రోజుకో ఊళ్లో అది సాధ్యం కాదు. మొదటి నాలుగైదు నెలలు కొత్త నవల ముట్టుకోనని ముందే నిర్ణయించుకుంటే, రాయలేకపోతున్నానన్న దిగులు ఉండదు. అయితే నాకు దీనికంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది, దాన్నుంచి మిమ్మల్ని తప్పించాలని ఉంది. ఈ నవల ఎలా పుట్టింది అన్న ప్రశ్నకు నలభై చోట్ల జవాబు చెప్పేసరికి, ఆ జవాబు పల్లవిలా నోటికి వచ్చేసింది. మూడో నెలకు అసలు ఎలా రాశానో నాకే గుర్తులేకుండా పోయి, చెప్పిన జవాబే గుర్తుండిపోయింది. కొత్త నవలకు కూర్చున్నప్పుడు, పాత నవలలో ఎక్కడ ఆగిపోయానో, ఏ తప్పుదారి నుంచి ఎలా బయటపడ్డానో తలుచుకోవలసిన అవసరం వచ్చింది, కానీ అక్కడ ఆ పల్లవి తప్ప ఏమీ లేదు. అందువల్ల మొదటి ఇంటర్వ్యూ ఇవ్వకముందే, ఎవరికీ చూపించనవసరం లేని ఒక నోటుపుస్తకంలో, ఈ నవల మీ చేతుల్లో ఎలా తయారైందో పది పదిహేను పేజీలు రాసి పెట్టుకోండి: కొట్టేసిన అధ్యాయాలు, మార్చిన పేర్లు, ఏడాది పాటు కదలని ఆ చోటు, అది కదిలిన రోజు. ఇంకా పది వారాలున్నాయి గనుక ఈ పనికి ఇదే అదను.

చివరిగా, విడుదల చేద్దామనుకుంటున్న పాట కాక, నవల కోసమే మీరు రాసిన మరో పాటను ఏం చేయాలని కూడా అడిగారు. దాన్ని మొదటి నెలల సభల్లో పాడకండి, దాచుకోండి. నవల వచ్చిన ఆరేడు నెలలకు, దాన్ని అప్పటికే చదివినవాళ్లు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని మాట్లాడుకోవడానికి మిమ్మల్ని పిలుస్తారు. నన్ను మొదటిసారి అలా పిలిచిన ఇంట్లో తొమ్మిదిమంది ఉన్నారు, వాళ్ల ప్రతుల మూలలు మడతలు పడి ఉన్నాయి, ఒకరి ప్రతిలో నలభై నాలుగో పేజీ దగ్గర బస్సు టికెట్టు ఉంది. అక్కడ నేను చదవలేదు. మొదటి సభలో పాడి పొరపాటు చేసిన ఆ పాటనే పల్లవి నుంచి పల్లవి దాకా పూర్తిగా పాడాను. అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, రికార్డింగు గురించి అడగలేదు. కాసేపటికి ఆ బస్సు టికెట్టు ప్రతి ఉన్న ఆయన పుస్తకం తెరిచి, రెండో చరణంలోని మాట ఆ కాగితం ముక్క మీద ఉన్న మాటేనా అని అడిగాడు, మిగతా ఎనిమిదిమందీ ఆ పేజీ తీశారు.